ఒకే కవిత, నాలుగు శీర్షికలు: ఎక్సెల్‌లో పట్టుకోవడమెలా?

సందేహం: 16, 17 శతాబ్దాల ఇంగ్లిష్ కవితల చేతిరాత ప్రతుల ఫొటోలు చూసి ఎక్సెల్‌లో పట్టిక తయారు చేస్తున్నాను. శీర్షికల వారీగా సార్ట్ చేస్తే ఒకే కవిత నాలుగు చోట్ల కనిపిస్తోంది. రిమూవ్ డూప్లికేట్స్‌కీ దొరకడం లేదు. దారేమిటి?

జవాబు: శీర్షికను నమ్ముకుంటే అంతే. అప్పట్లో నకలు రాసుకున్నవాళ్లు తోచిన పేరు పెట్టేవారు, కొందరు అసలు పెట్టేవారే కాదు. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీ ప్రతులకు మార్గరెట్ క్రమ్ రూపొందించిన సూచికలో (1969) కవిత మొదటి పాదంతో పాటు చివరి పాదమూ ఇచ్చారు. మీరూ అదే పద్ధతిలో వెళ్లండి.

మొదటి పాదం ఒక్కటే చాలదు. 'కమ్ లివ్ విత్ మీ అండ్ బీ మై లవ్' అని క్రిస్టఫర్ మార్లో కవిత మొదలవుతుంది, జాన్ డన్ రాసిన 'ద బెయిట్' కూడా అలాగే మొదలవుతుంది. చివర చూస్తే తేడా తెలిసిపోతుంది. మార్లోది 'దెన్ లివ్ విత్ మీ అండ్ బీ మై లవ్' అని ముగిస్తే, డన్‌ది 'అలాస్, ఈజ్ వైజర్ ఫార్ దాన్ ఐ' అని ముగుస్తుంది. అయితే మార్లో కవితే 1599లో 16 పాదాలతో, 1600లో 24 పాదాలతో అచ్చయింది. 1599 నాటి దాంట్లో మొదటి 'కమ్' లేదన్న మాటే గానీ, రెండింటికీ మొదలూ తుదీ ఒకటే! అందుకే పాదాల సంఖ్యకూ ఒక కాలమ్ ఉండి తీరాలి. పల్లవితో ముగిసే పాటలకైతే దాని ముందు పాదం కూడా ఎక్కించండి. వేమన పద్యాలను మకుటాన్ని బట్టి సార్ట్ చేస్తే ఏం లాభం?

అసలు చిక్కు స్పెల్లింగ్‌తో. 'లవ్'లో వి బదులు యు, డబ్ల్యూ బదులు రెండు వి-లు, 'మీ'కి చివర అదనంగా ఒక ఇ. ప్రతిలో ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో ఉంచి, పక్క కాలమ్‌లో ఫార్ములాతో 'కీ' తయారు చేయండి. ముందు లోయర్ ఫంక్షన్ (సబ్‌స్టిట్యూట్‌కు పెద్ద, చిన్న అక్షరాలు వేరు). తర్వాత వరుసగా సబ్‌స్టిట్యూట్‌లు: కామాలు, చుక్కలు తీసేయండి, వి-ని యు చేయండి, ఆపైన రెండు యు-లను డబ్ల్యూ చేయండి, జె-ని ఐ, రెండు ఇ-లను ఒకటి. ఈ వరుస తప్పితే డబ్ల్యూలు దొరకవు. కీ చదవడానికి వింతగా ఉంటుంది, ఉండనివ్వండి. అది పోల్చడానికే. 'ద'కు సంక్షిప్తంగా వాడే వై-ఇ జోలికి మాత్రం ఫార్ములాతో వెళ్లొద్దు. మీరు అనే అర్థమిచ్చే 'యీ' కూడా దాంతో పాటే మారిపోతుంది.

కీ కాలమ్‌ మీద కండిషనల్ ఫార్మాటింగ్‌లో డూప్లికేట్ వాల్యూస్ పెడితే జంటలకు రంగు పడుతుంది. చిన్న తేడాలున్నవి సార్ట్ చేస్తే చాలావరకు దగ్గరదగ్గరగానే వస్తాయి, కంటితో పోల్చుకోవచ్చు. రిమూవ్ డూప్లికేట్స్ మాత్రం వాడకండి. రెండు ప్రతులంటే రెండు రికార్డులు, వాటికి కవిత నంబరు ఒకటే ఇవ్వాలి.

టైపింగ్‌లో రెండు గోతులున్నాయి. సెల్ మొదట్లో టైప్ చేసిన అపాస్ట్రఫీని ఎక్సెల్ దాచేస్తుంది. అపాస్ట్రఫీతో రాసే 'టిజ్', 'ట్వాజ్' మాటలతో మొదలయ్యే పాదాలకు దాన్ని రెండుసార్లు కొట్టండి. ఆటోకంప్లీట్ ఇంకా ప్రమాదం. పై వరుసల్లోని స్పెల్లింగ్‌ను మీకు తెలియకుండానే అంటగడుతుంది. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఆపేయండి.

మొదటి ఆకు చిరిగిపోయిన కవితకు మిగిలిన తొలి పాదాన్ని మొదటి పాదం కాలమ్‌లో పెట్టొద్దు. అది ఖాళీగా వదిలి, 'ఆరంభం లేదు' అని వేరే కాలమ్‌లో గుర్తు పెట్టండి. ఇలాంటివాటికి చివరి పాదమే దిక్కు. కవి ఎవరో తేలనప్పుడు ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీ వారి యూనియన్ ఫస్ట్ లైన్ ఇండెక్స్‌లో (కవితల మొదటి పాదాల ఆన్‌లైన్ సూచిక) ఉచితంగా వెతకొచ్చు. అక్కడ పాదమంతా కొట్టకుండా, స్పెల్లింగ్ మారడానికి వీల్లేని రెండు మూడు మాటలు ఇచ్చి చూడండి.