ఆ సెన్సర్ చూపే నత్రజని అంకె నమ్మొచ్చా?

ప్రశ్న: మాకు ఆరెకరాల నల్లరేగడి ఉంది, బోరు కింద మిరప వేస్తాం. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో చిన్న సెన్సర్ తెప్పించాడు. మట్టిలో గుచ్చితే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ అంకెల్లో చూపిస్తోంది. పడమటి మూల చౌడు, ఏటా అక్కడ మొక్క గిడసబారిపోతుంది, ఇదేమో పొలం మొత్తంలో అక్కడే నత్రజని ఎక్కువంటోంది. తడి పెట్టిన మర్నాడు అదే చోట గుచ్చితే అంకె రెట్టింపైంది. దీన్ని చూసి ఎరువు తగ్గిద్దామని అబ్బాయి పట్టు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: మీ అనుమానం సరైందేనండీ. తక్కువ ధరలో దొరికే ఈ సెన్సర్లు చాలావరకు కొలిచేది మట్టిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నదే, ఆ మూడు అంకెలూ దాన్నుంచి లెక్కగట్టినవే. తేమ ఉన్నా, బంకమన్ను ఎక్కువైనా, ఉప్పు ఉన్నా కరెంటు బాగా పారుతుంది, అందుకే చౌడులో నత్రజని పొంగిపొర్లుతున్నట్టు చూపించింది. కావాలంటే ఒక డబ్బాలో మట్టి పోసి, వంటింటి ఉప్పు కలిపిన నీళ్లతో తడిపి గుచ్చి చూడండి. ఉప్పులో ఆ మూడూ లేవు, అంకెలు మాత్రం ఎగిరిపోతాయి. (పూలకుండీలో చేయకండి, ఇంట్లో వాళ్లతో మాట పడాల్సొస్తుంది.)

అలాగని పారేయొద్దు. ఎరువు లెక్కకు పనికిరాదు గానీ, పొలంలో మట్టి ఎక్కడ మారుతోందో పట్టిస్తుంది. తడి పెట్టాక పదునుకొచ్చిన రోజు చూసుకుని, ఇరవై అంగలకో చోట, అంతటా ఒకే లోతున, ఒక్క రోజులోనే గుచ్చి, నోట్‌బుక్‌లో పొలం బొమ్మ గీసి అంకెలు వేయమనండి. దగ్గర దగ్గర అంకెలున్న చోట్లన్నీ కలిపి గీత గీస్తే మూడో నాలుగో చెక్కలు తేలతాయి. ఒక్కో చెక్కలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి కలిపి, అందులోంచి అరకిలో విడిగా భూసార పరీక్షకు పంపండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట పోసిన చోట తీయకండి. చౌడు మట్టిని మిగతా దాంట్లో కలిపారా, రిపోర్టు ఆ మూలకూ పనికిరాదు, మిగతా పొలానికీ పనికిరాదు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో నీటి వసతి ఉన్న భూముల్లో 2.5 హెక్టార్లకో నమూనా అన్నారు, అంటే ఇంచుమించు మీ ఆరెకరాలకూ కలిపి ఒక్కటే!

ఎరువు తగ్గించే మాట రిపోర్టు వచ్చాక చూద్దాం. చౌడు మూలలో పీహెచ్ (మట్టి క్షారగుణం చెప్పే అంకె) 8.5 దాటితే అక్కడ యూరియా కన్నా ముందు చౌడును బాగుచేసే జిప్సం సంగతి చూడాలి, ఎంత వేయాలో ల్యాబ్ వాళ్లనే అడగండి.