బట్టల మీదా, బంధాల మీదా కలిపి థీసిస్ చెయ్యొచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను హోంసైన్స్ ఎమ్మెస్సీ రెండో ఏడాది, అప్పారెల్ అండ్ టెక్స్‌టైల్స్. బట్టలూ కుటుంబ సంబంధాలూ కలిపి థీసిస్ చెయ్యాలని చాలా ఉంది. గైడ్ గారేమో టాపిక్ మరీ పెద్దది, ఫ్యాబ్రిక్ టెస్టింగ్ ఏదైనా చేసుకో అంటున్నారు. వదిలెయ్యాలా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వదలొద్దమ్మా. టాపిక్ పెద్దదన్న మాట మాత్రం నిజమే, బట్టలు, కుటుంబం అంటే ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపుతావ్? ఒక్క పని పట్టుకో. నన్నడిగితే పోచంపల్లి వైపు ఇళ్లల్లో ఆసు పొయ్యడం మీద చెయ్యమంటాను, పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు.

ఇక్కత్‌లో నేతకి ముందే నూలుకి చిటికీలు, అంటే రంగు అంటకుండా గట్టి ముడులు, కట్టి రంగులేస్తారు కదా, ఆ కట్టడానికి ముందు పేక దారాన్ని, అంటే చీరలో అడ్డంగా వచ్చే దారాన్ని, అరచక్రంలా ఉన్న మేకుల చుట్టూ తిప్పాలి, అదే ఆసు. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే, భుజాలు పడిపోతాయి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఆ నొప్పి చూడలేకే 1999లో మిషన్ తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఇందులో టెక్స్‌టైల్ ఎంత, కుటుంబం ఎంత అని విడదీయగలమా చెప్పు!

అసలు అడగాల్సింది ఇంకా లోపల ఉంది. నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ ఇచ్చే కూలి నేసిన చీరల లెక్కన వస్తుంది, మామూలుగా మగ్గం మీద కూర్చున్నాయన చేతికే వస్తుంది, కండెలు చుట్టిన అత్తకీ ఆసు పోసిన కోడలికీ అని విడిగా ఏం రాదు. మరి మిషన్ వచ్చాక ఆ కోడలికి మిగిలిన టైం ఎటు పోయింది? ఇంకో పనిలోకా, పిల్లల చదువులోకా, కాస్త నడుం వాల్చడానికా? అత్తాకోడళ్ల మధ్య పనుల పంపకం ఏమైనా మారిందా? ఇది నాకు చాలా ముఖ్యమైన రీసెర్చ్ అనిపిస్తోంది, ఆ ఆడవాళ్ల శ్రమకి ఎక్కడో ఒకచోట లెక్క ఉండాలి.

మిషన్ ఉన్న ఇళ్లు కొన్ని, చేత్తో పోసే ఇళ్లు కొన్ని తీసుకో. అత్తనీ కోడలినీ వేరువేరుగా మాట్లాడించు, పక్కపక్కన కూర్చోబెడితే "మా అత్తమ్మ మంచిగ చూస్కుంటది" అన్న మాట తప్ప ఇంకేం రాదు. రికార్డింగ్‌కి ముందే ఒప్పుకోలు తీసుకో, పేర్లు రాయకు.

గైడ్ గారడిగిన టెస్టింగ్ కూడా ఇందులోనే పెట్టెయ్, చేతి ఆసుతో, మిషన్ ఆసుతో నేసిన చీరల్లో డిజైన్ అంచులు ఎంత కచ్చితంగా కలుస్తున్నాయో కొలిచి పోల్చు. హ్యూమన్ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒకర్ని కో-గైడ్‌గా అడుగు. పాత థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దొరికే కృషికోశ్, శోధ్‌గంగ సైట్లలో వెతుకు. ఫీల్డ్ వర్క్ మాత్రం వానలు పడకముందే పెట్టుకోమ్మా, గుంటమగ్గాల్లోకి నీళ్లు ఊరితే నేత ఆగిపోతుంది, నీకు చూడ్డానికి పనే ఉండదు.