బాలింత అయిన చెల్లెలి కూతురికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మడికి, పర్లాకిమిడి నుంచి పెద్దమ్మ దీవెనలు.

నీ మెసేజ్ చూశాను. దగ్గినా తుమ్మినా మూత్రం జారి బట్ట తడుస్తోందని, మీ అమ్మకి కూడా చెప్పలేకపోయానని రాశావు. నాకు చెప్పి మంచి పని చేశావు. ఇది నీ ఒక్కదానికే వచ్చింది కాదమ్మా. మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి పట్టి ఉంచే కండరాలు నెలల తరబడి బిడ్డ బరువు మోసి, కాన్పులో సాగి వదులవుతాయి. ఆపరేషన్ అయినవాళ్లకీ వస్తుంది. దీన్ని ఆడపుట్టుక రాత అనుకుని, విశాఖ రైలెక్కాలంటే ముందురోజు నుంచే నీళ్లు మానేసినవాళ్లు, చివరికి పెళ్లిళ్లకి వెళ్లడమే మానుకున్నవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. నువ్వు అలా కాకూడదు.

మూత్రం ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగుస్తాయో వాటినే లోపలికి, పైకి లాగి 5 సెకన్లు పట్టి ఉంచు. తర్వాత అంతే సేపు వదులు చెయ్యి. ఇలా 10 సార్లు, రోజుకి మూడు పూటలా. ఊపిరి బిగపట్టకు, పొట్ట, తొడలు బిగించకు. మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం చెయ్యకు. పాపకి పాలిస్తూ చేసుకోవచ్చు, పక్కన ఎవరున్నా తెలియదు. తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, విసుగొచ్చి మానెయ్యకు. అప్పటికీ తగ్గకపోతే ఫిజియోథెరపీ గురించి డాక్టరమ్మని అడుగు. నెలన్నర దాటేదాకా నీళ్ల బిందె ఎత్తొద్దు.

బాలింతకి నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని మీ అత్తగారు అంటున్నారుగా, ఆ ఒక్క మాటా వినకు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. నీళ్లు తగ్గితే మలబద్ధకం వస్తుంది, ముక్కితే ఆ కండరాలే ఇంకా వదులవుతాయి. ఆవిడ ప్రేమగా పెట్టే వెల్లుల్లి కారం తిను, నీళ్ల దగ్గర మాత్రం పట్టుబట్టు.

కాన్పయ్యాక 42 రోజుల్లో ఆశా దీదీ 6 సార్లు ఇంటికి రావాలి. పాప బరువు చూసి వెళ్లిపోనివ్వకు, నీ ఒంటి సంగతీ చెప్పు. ఒడియాలో మాట రాకపోతే తెలుగులోనే చెప్పు, మీ బరంపురంలో మన భాష కొత్త కాదు. జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా, రక్తం ఎక్కువ పోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అద్దంలో ఎవరో వేరే మనిషి కనిపిస్తోందని, అందరూ పాప అమ్మా అనే పిలుస్తున్నారని రాశావు. అది చిన్న బాధ కాదు. గర్భసంచి మామూలు స్థితికి రావడానికే ఆరు వారాలు పడుతుంది, పొట్ట తగ్గడానికి ఇంకా ఎక్కువ. మూడో నెలలో జుట్టు రాలితే కంగారుపడకు, మళ్లీ వస్తుంది. బీఈడీ పుస్తకాలు అటక ఎక్కనివ్వకు. పాప నిద్రపోయాక, నీకూ నిద్ర తీరిన రోజున, ఒక్క పేజీ అయినా చదువు. మీ ఆయన్ని నిన్ను పేరుతోనే పిలవమని నేను చెబుతాను.

ఏడుపు, దిగులు రెండు వారాలు దాటినా పోకపోతే డాక్టర్‌కి చెప్పాల్సిందే. అర్ధరాత్రి అయినా, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి, ఉచితం.

వచ్చే నెల నేను వస్తున్నాను. డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. మీ అత్తగారితో నీళ్ల సంగతి నేనే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ