బయట ఫ్యామిలీ ఫోటోలకు ఎండ మంచిదా, మబ్బు మంచిదా?

సన్నగా మబ్బు పట్టిన రోజే మంచిది. ఎండ ఎంత బాగుంటే ఫోటో అంత బాగా వస్తుందనుకుంటాం గానీ, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు తీస్తే కళ్లగుంటలు నల్లగా, ముక్కు కింద మీసంలా నీడ, తాతగారి తెల్ల పంచె మడతలు కూడా తెలియనంత తెల్లగా వస్తాయి. పిల్లలు కళ్లు చికిలించడం సరేసరి.

మబ్బు వెలుగును చెదరగొట్టి నలువైపుల నుంచీ మెత్తగా పడేలా చేస్తుంది, కాబట్టి పదిహేను మంది నిలబడ్డా మొహాలన్నీ ఒకేలా వస్తాయి. ఆకాశాన్ని మాత్రం ఎక్కువ రానివ్వకండి, తెల్లకాగితంలా ఉంటుంది.

ఎండే ఉంటే దిక్కు చూసుకోవాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున్నే అలల వైపు వీపు పెట్టి నిలబడితే మొహాలు చీకటే, అదే సాయంత్రమైతే పడమటి ఎండ బంగారు రంగులో సరిగ్గా మొహాల మీద పడుతుంది. సంక్రాంతి రోజుల్లో అక్కడ 5:40 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఓసారి మావాళ్లు చీరలు సర్దుకుని వచ్చేసరికి ఐదున్నర దాటింది, వెలుతురు తగ్గి కదిలిన పిల్లలంతా మసకే! నాలుగున్నరకే రమ్మనండి.

ఇంకోటి, ఏసీ కారులోంచి కెమెరా తీయగానే ఉక్కకి లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడవకుండా, కాసేపు బ్యాగులోనే ఉంచి తీయండి.