గిన్నె నిండా తిండి ఉన్నా మా పిల్లి తినడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో రెండు మగ పిల్లులు ఉన్నాయి. రెండు నెలల కిందట మూడేళ్ల ఆడపిల్లిని తెచ్చుకున్నాం. మూడింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. కొత్తది రోజంతా మంచం కిందే ఉంటోంది. మూడు గిన్నెలూ వంటగదిలో పక్కపక్కనే పెడతాం. అది గిన్నె దాకా వచ్చి, రెండు ముద్దలు నోట కరుచుకుని మళ్లీ మంచం కిందికి పరుగెడుతోంది. వచ్చినప్పుడు 3.8 కిలోలు, ఇప్పుడు 3.4. కొట్లాటలేమీ లేవు. తిండి రకాలు ఎన్ని మార్చినా ఫలితం లేదు.

జవాబు: ముందు బరువు సంగతి చూద్దాం. మీ పిల్లి తన బరువులో పదో వంతు కంటే ఎక్కువే పోగొట్టుకుంది. 60 కిలోల మనిషి రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గితే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? భయమేనని మీరే తేల్చుకోకుండా ఈ వారంలోనే పశువైద్యుడికి చూపించండి. పంటినొప్పి, చిగుళ్ల వాపు, వికారం, కిడ్నీ జబ్బు ఉన్న పిల్లులు కూడా గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్తాయి. తినేటప్పుడు తల ఒక పక్కకే వంచడం, ముద్ద జారవిడవడం, చొంగ కార్చడం, తరచూ పెదాలు నాక్కోవడం గమనిస్తే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

అయితే మీ పిల్లి ముద్ద నోట కరుచుకుని పరుగెత్తుతోందన్నారు. దానికి ఆకలి ఉందని, తినే చోటు మీదే నమ్మకం లేదని నాకనిపిస్తోంది. కాబట్టి తిండి మార్చడం ఆపి, చోటు మార్చండి.

పిల్లి ఒంటరిగా వేటాడి ఒంటరిగా తినే జీవి. అదీ ఎలకంత తిండి, రోజుకు పదిసార్లకు పైగా. బంతిలో కూర్చుని కలిసి తినడం మనకు ముచ్చట, దానికి కాదు. కొట్లాటలు లేవని మీరన్న మాట నన్ను కాస్త కలవరపెట్టింది. పిల్లుల్లో బెదిరింపు చాలావరకు చప్పుడు లేకుండానే సాగుతుంది. పాత పిల్లుల్లో ఒకటి వంటగది గుమ్మంలో తోక చుట్టుకుని కూర్చుంటుంది. కునుకు తీస్తోందనుకుంటాం. కానీ దాని చూపు కొత్తదాని మీద నుంచి కదలదు. కొత్తది మెడ ముందుకు చాచి, వెనక కాళ్లు ఉన్నచోటే ఉంచి, చెవులు వెనక్కి తిప్పుకుని తింటుంది. ఏ క్షణాన్నైనా పారిపోవడానికి సిద్ధంగా ఉందన్నమాట. రేపు తిండి వేళకు ఫోన్‌ను ఒక మూల ఆనించి వీడియో తీసి చూడండి. గుమ్మంలో కూర్చునేది ఎవరో తెలిసిపోతుంది.

ఇక చేయాల్సింది. కొత్తదానికి విడిగా ఒక గది ఇచ్చి తలుపు వేయండి. నీళ్లు, లిట్టర్ ట్రే (మలమూత్రాలకు పెట్టే తొట్టి), దాక్కోవడానికి ఒక అట్టపెట్టె అందులోనే ఉండాలి. గిన్నెకీ ట్రేకీ మధ్య వీలైనంత దూరం పెట్టండి. గిన్నె లోతుగా కాకుండా వెడల్పాటి పళ్లెంలా ఉంటే మేలు. తింటూనే తలుపు వైపు చూడగలిగేలా, గోడ దాని వెనక ఉండేలా అమర్చండి. గోడ వైపు మూతి పెట్టి తినాల్సివస్తే వెనక ఎవరొస్తున్నారోనని ప్రతి ముద్దకూ తల తిప్పుతుంది. కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదుసార్లు, అవే వేళలకు పెట్టండి. తడి ఆహారాన్ని గోరువెచ్చగా చేస్తే వాసన బాగా వస్తుంది. పెట్టేసి బయటికి వచ్చేయండి. మంచం కింద నుంచి లాగడం, ఒళ్లో కూర్చోబెట్టుకుని బతిమాలడం, నోట్లో బలవంతంగా కుక్కడం వద్దే వద్దు. ఒక్కసారి బలవంతం చేస్తే ఆ తిండి వాసనకే భయపడే ప్రమాదం ఉంది.

గదిలో రెండు వారాల పాటు నిదానంగా, పూర్తిగా తిందంటే అప్పుడు మూసిన తలుపుకు అటూ ఇటూ, కాస్త దూరంగా గిన్నెలు పెట్టండి. రెండు వైపులా తాపీగా తింటుంటే కొద్దికొద్దిగా దగ్గరికి జరపండి. ఎక్కడైనా ఆగిపోతే తప్పు మీదీ కాదు, దానిదీ కాదు. ఒక అడుగు వెనక్కి వెళ్లండి. చివరికి మూడూ ఒకేచోట తినాలన్న నియమం ఏమీ లేదు. జీవితాంతం వేర్వేరు గదుల్లో తిన్నా నష్టం లేదు. కలిసి తిరిగే రోజులొచ్చాక మాత్రం లిట్టర్ ట్రేలు నాలుగు ఉండాలి, అదీ వేర్వేరు చోట్ల.

ఒక్క విషయంలో మాత్రం నిదానం పనికిరాదు. 24 గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. లావుగా ఉండే పిల్లుల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. చిగుళ్లు, చెవి లోపలి భాగం పసుపుపచ్చగా కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆకలి పెంచే మందులు, భయం తగ్గించే మందులు పిల్లులకు ఉన్నాయి. అవసరమైతే డాక్టరే రాస్తారు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు ఇవ్వకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

వారానికోసారి బరువు చూసి రాసిపెట్టుకోండి. పిల్లిని ఎత్తుకుని మీరు తూకం ఎక్కి, తర్వాత మీ బరువు తీసేస్తే సరిపోతుంది. గది మార్చిన రెండు వారాలకు కూడా 3.4 దగ్గరే ఉన్నా, ఇంకా తగ్గినా, ఆ లెక్కా మీరు తీసిన వీడియో తీసుకుని మళ్లీ డాక్టరును కలవండి.