బాకీ లేని పాత్రలు రాయకు

తమ్ముడూ,

నీ కాంపెయిన్ రాతప్రతి అందింది, అదే, తలా ఒక పాత్ర పట్టుకుని బల్ల చుట్టూ కూర్చుని చాలా రోజులు ఆడే ఆటకి నువ్వు రాసిన కథ. మొదటి పేజీకే చిరాకు పుట్టింది. ఒకరికొకరు ముక్కూమొహం తెలియని ఐదుగురు: డెలివరీ కుర్రాడు, నర్సు, క్యాబ్ డ్రైవర్, పీహెచ్‌డీ అమ్మాయి, కానిస్టేబుల్. ఒకే అర్ధరాత్రి ఐదుగురి ఫోన్లకీ తెలియని నంబరు నుంచి ఒకే మెసేజ్, మూడు గంటలకి కబ్బన్ పార్కుకి రమ్మని. ఐదుగురూ వచ్చేశారు. ఎందుకొచ్చారయ్యా? బెంగళూరులో అలాంటి మెసేజ్ వస్తే ఎవరైనా ఏం చేస్తారు? నంబరు బ్లాక్ చేసి పడుకుంటారు. తెల్లారితే ఆఫీసు, షిఫ్టు, సిల్క్ బోర్డు ట్రాఫిక్.

అయినా పక్కన పడెయ్యలేకపోయాను. కారణం నీ డెలివరీ కుర్రాడు. కదిరిలో వాళ్లమ్మ కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడని నమ్ముతోంది. ఆదివారం ఆవిడ వీడియో కాల్ చేసే వేళకి వాడు కంపెనీ టీషర్టు విప్పి, మంచి చొక్కా తొడుక్కుని, ఎవరిదో లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఇంత మాటని నాలుగో పేజీ అడుగున ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఆ లాప్‌టాప్ ఎవరిది? ఊరికే ఇచ్చారా? అడగాల్సిన ప్రశ్నలు అవీ. నువ్వేమో నన్ను ఎన్ని వైపుల డైస్ వాడాలని అడిగావు.

పాత్రల్ని కలపడానికి నేను నమ్మేది ఒక్కటే, బాకీ. డబ్బే కానక్కర్లేదు. మాట, మేలు, దాచిపెట్టిన రహస్యం, ఏదైనా సరే. కథ మొదలయ్యేసరికే ఒకరికొకరు ఏదో ఒకటి బాకీపడి ఉండాలి. కత్తులు, మంత్రాల లోకంలో నడిచే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో వచ్చింది. అలాంటి లోకంలో పూటకూళ్ల ఇంట్లో కలిసిన అపరిచితులు మర్నాడు కలిసి గుహలోకి దిగారంటే నమ్ముతాం. గుహలో నిధి ఉంది, ఊళ్లో పోలీసు లేడు. నీ కథ ఇప్పటి బెంగళూరులో నడుస్తోంది. భయమేస్తే 112కి ఫోన్ చెయ్యొచ్చు, ఆటో బుక్ చేసుకోవచ్చు, రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి ఊళ్లో ఉండొచ్చు. "నా క్యారెక్టర్ ఇంటికి వెళ్లిపోతాడు" అని ప్లేయర్ అంటే జీఎంగా, అంటే ఆట నడిపేవాడిగా, నీ దగ్గర జవాబు లేదు. బతిమాలుకోవాలి, లేదా రౌడీల్ని పంపి దారి మూసెయ్యాలి. రెండూ ఆటని చంపేస్తాయి.

2009లో వచ్చిన ఫియాస్కో అనే ఆట చూడు. అందులో పాత్రలు ముందు పుట్టవు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య సంబంధం ఏమిటో ముందు తేలుతుంది, డైస్ సాయంతో. ఆ ఇద్దరూ ఎవరన్నది తర్వాత. ఆ వరస నాకు ప్రాణం.

నేను బెంగళూరు వచ్చిన కొత్తలో కేఆర్ పురంలో ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకడంటే ఒకడికి పడదు. కానీ అడ్వాన్సు ఒకడి పేర, గ్యాసు ఇంకొకడి పేర, నాకు ఆ ఇద్దరి దగ్గరా అప్పు. అలాగే ఏళ్లు గడిచాయి. ఒకడికి డెంగీ వస్తే మిగతా ఇద్దరం ఆస్పత్రిలో వంతులవారీగా కాపలా పడుకున్నాం. స్నేహం ఆ తర్వాత వచ్చింది.

ఆ గదిని సీరియల్‌గా రాసి ఒక వారపత్రికకి పంపితే ఎడిటర్‌గారు మొదటి భాగంలోనే శవం పడాలన్నారు. కరెంటు బిల్లు మీద ముగ్గురూ కొట్లాడుకునే పేజీలు కొట్టేసి శవాన్ని ముందుకు లాగారు. కొన్ని వారాలకే పాఠకుల ఉత్తరాలు వచ్చాయి, ఇంత జరుగుతుంటే వీళ్లు గది ఖాళీ చెయ్యరేం అని. ఎందుకు చెయ్యరో ఆ కొట్టేసిన పేజీల్లో ఉంది. ఈ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు శవం బదులు మెసేజ్ వచ్చింది, అంతే తేడా.

నీ కథలో పీడ బెళ్లందూరు చెరువులోంచి వస్తుంది. బాగుంది. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువు నిజంగానే అంటుకుని పొగలు కక్కింది కనక ఎవరైనా నమ్ముతారు. అయితే ఐదుగురినీ ఆ చెరువు పక్క సందులోనే, ఒకే బిల్డింగులో పెట్టు. లీజు ఇళ్లు. లక్షలు ఒకేసారి ఓనర్ చేతిలో పోసి, నెలనెలా అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకునే పద్ధతి. ఓనర్ ఆ బిల్డింగు మీద లోన్ తీసుకుని కట్టడం మానేశాడు. బ్యాంకు 60 రోజుల గడువు ఇస్తూ అతనికి పంపిన నోటీసు మెట్ల కింద, మీటర్ బాక్సుల పక్కన పోస్టు డబ్బాలో దొరుకుతుంది. నైట్ డ్యూటీ దిగిన నర్సు చెప్పులు విప్పకుండానే చదువుతుంది. క్యాబ్ డ్రైవర్ ఓనర్‌కి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఒక్కొక్కరే ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న అగ్రిమెంటు తెచ్చి మెట్ల మీద విప్పుతారు. చెరువులోంచి ఏం లేచొచ్చినా ఇక వాళ్లు కదలరు, డబ్బు ఆ గోడల్లో ఉంది. 60 రోజులు నీ కాంపెయిన్‌కి గడువు కూడా.

తర్వాత జీరో సెషన్‌లో, అంటే ఆట మొదలుకాకముందు పాత్రల్ని తయారుచేసుకునే రోజున, ప్లేయర్లని గుండ్రంగా కూర్చోబెట్టు. ఎడమ పక్కవాడికి ఏం బాకీ, కుడి పక్కవాడి దగ్గర ఏం దాస్తున్నావు, ఈ రెండే అడుగు. ఐదుగురి మధ్య 10 జతలుంటాయి, అన్నీ అల్లాల్సిన పన్లేదు. 5 ముళ్లు చాలు. ప్రతివాడికీ రెండు వైపులా ముడి ఉంటుంది కాబట్టి సంక్రాంతికి ఒకడు ఊరెళ్లినా ఆట ఆగదు. జవాబులు వాళ్లనే చెప్పనివ్వు. తన నోటితో చెప్పిన బాకీని ఏ ప్లేయరూ తేలిగ్గా వదులుకోడు.

జవాబు రాక ఎవరైనా తడబడితే అందించడానికి నీ దగ్గర కొన్ని ఉంచుకో. ఉదాహరణకి, లాప్‌టాప్ పీహెచ్‌డీ అమ్మాయిది. అందులో చెరువు నీళ్ల పరీక్షల ఫైలు ఉంది, కుర్రాడు అది చూశాడు. ఆ పరీక్షలు నర్సు తన ఆస్పత్రి ల్యాబులో దొంగచాటుగా చేయించింది. నర్సుని రాత్రిళ్లు ఇంటికి చేర్చేది డ్రైవర్, నెలల తరబడి డబ్బు తీసుకోలేదు. డ్రైవర్ పేరు ఒక యాక్సిడెంట్ కేసులోకి రాకుండా చూసింది కానిస్టేబుల్.

కానిస్టేబుల్‌కి డెలివరీ కుర్రాడితో ఏం పని? నీ రాతప్రతిలో ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అది రాసి పంపు. మ్యాపులు ఇప్పుడే వద్దు.

మీ అన్నయ్య
బెంగళూరు