ఫర్నేసు లేదని ఆగకు

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సోలార్ సెల్ మీద ప్రాజెక్టు తీసుకున్నావనీ, ల్యాబ్‌లో 500 డిగ్రీలకు పోయే ఫర్నేసు లేదని దిగులు పడుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఎలక్ట్రాన్లను లాగే పొరకు టైటానియం డయాక్సైడ్ వాడితేనే మామూలుగా అంత వేడి అడుగుతుంది. టిన్ ఆక్సైడ్‌కైతే హాట్‌ప్లేట్ మీద 150 డిగ్రీలు, అరగంట చాలు. 2016లో చైనా పరిశోధకులు ఇదే పద్ధతిలో 19.9 శాతం ధ్రువీకృత సామర్థ్యం సాధించారు. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే టైటానియం డయాక్సైడ్ తనను అంటుకున్న పెరోవ్‌స్కైట్‌నే పాడుచేస్తుంది. టిన్ ఆక్సైడ్‌తో ఆ బెడద తక్కువ. మన ఓరుగల్లు ఎండల్లో పెట్టాల్సిన సెల్లుకు అది చిన్న విషయం కాదు.

అయితే ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకో. 500 డిగ్రీల దగ్గర గాజు మీది జిడ్డు చాలావరకు కాలిపోతుంది. 150 దగ్గర అది అక్కడే ఉంటుంది. ఫర్నేసు చేసిపెట్టే శుభ్రత ఇక్కడ నీ చేత్తోనే జరగాలి. ఐటీఓ గాజును, అంటే కరెంటు పారే పారదర్శక పూత ఉన్న గాజును, సబ్బునీళ్లు, డీఐ వాటర్ (అయాన్లు తీసేసిన శుద్ధ నీరు), అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వరుసలో సోనికేటర్‌లో, అంటే ధ్వని తరంగాలతో కడిగే తొట్టిలో పెట్టు. మధ్యలో ఆరనివ్వకు, ఆరితే మచ్చ పడుతుంది. తర్వాత అతినీలలోహిత కాంతితో, ఓజోన్‌తో మిగిలిన జిడ్డు పోగొట్టే యూవీ ఓజోన్ యంత్రంలో పావుగంట. బయటికి తీశాక అలాగే కడిగిన ఒక విడి గాజు మీద నీటిచుక్క వేసి చూడు. చుక్క గుండ్రంగా నిలబడిందంటే మళ్లీ మొదటినుంచి కడగాల్సిందే. పరుచుకుపోతే వెంటనే కోటింగ్‌కు పో, టీ తాగి వద్దామనుకోకు.

టిన్ ఆక్సైడ్ సన్నని కణాలు నీళ్లలో తేలే కొల్లాయిడ్ ద్రావణం 15 శాతంతో వస్తుంది. దాన్ని డీఐ వాటర్‌తో 2.67 శాతానికి పలుచన చేసి, ఫిల్టర్ చేసి, గాజు మీద పోసి స్పిన్ కోటర్‌లో 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) మీద 30 సెకన్లు తిప్పు. సీసాను ఎప్పుడూ గడ్డకట్టనివ్వకు. కణాలు ఒకసారి ముద్దలైతే ఎంత కలిపినా మళ్లీ విడిపోవు. ఎలక్ట్రోడ్ తగిలించే అంచును వేడి చేయకముందే తడి దూదిపుల్లతో తుడిచేయి. ఆరి గట్టిపడ్డాక అది ఊడిరాదు.

హాట్‌ప్లేట్ డిస్‌ప్లేలో 150 చూపించినంత మాత్రాన గాజు పైభాగం 150లో ఉన్నట్టు కాదు. ఒక గాజు మీద థర్మోకపుల్‌ను, అంటే వేడి కొలిచే తీగను, వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో అంటించి, ప్లేటు మధ్యలోనూ మూలల్లోనూ కొలువు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట ప్లేటు పెట్టొద్దు.

టిన్ క్లోరైడ్‌ను ఆల్కహాల్‌లో కలిపి చేసే పద్ధతి చౌకే, నాకు ఇష్టమే. కానీ దానికి 180 డిగ్రీల దాకా కావాలి, గాజుకు బదులు పెట్ ప్లాస్టిక్ వాడదామనుకుంటే అది ఆ వేడికి తట్టుకోదు. గాలిలోని తేమకూ ఆ ద్రావణం మారుతుంటుంది. శ్రావణంలో దాని జోలికి పోకు. జింక్ ఆక్సైడ్ ఇంకా తక్కువ వేడిలోనే అవుతుంది గానీ, దాని మీద మిథైల్ అమోనియం పెరోవ్‌స్కైట్‌ను వేడిచేస్తే విచ్ఛిన్నమై పసుపు రంగుకు తిరుగుతుంది. ఇప్పటికి వదిలేయి.

పెరోవ్‌స్కైట్ వేసేముందు మరోసారి యూవీ ఓజోన్ ఇవ్వు. సెల్ అయ్యాక కరెంట్-వోల్టేజ్ వక్రాన్ని రెండు దిశల్లోనూ తీయి. రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే ముందు ఈ అడుగున ఉన్న టిన్ ఆక్సైడ్ పొరనే అనుమానించు. రెండు గ్రాఫులూ తీసుకుని ఆదివారం ఇంటికి రా, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న